ఏడూకం: ఎముకలు దాచిన గోడ



ఎవరి పేరిట ప్రొద్దుటూరులో ఈ ధర్మనిధి ఉపన్యాసం పెట్టారో ఆ పంతులుగారు అమరకోశం చెప్పడంలో దిట్ట. శ్లోకం వల్లె వేయించి ఊరుకునేవారు కాదు. ఒక్కో మాటనూ వీధిలోకి తెచ్చి చూపించేవారు. అందుకే ఈరోజు అమరంలోంచే ఒక మాట ఎత్తుకున్నాను. అది సమాధికి ఒక పాత పేరు. స్మారక సభలో సమాధుల ప్రసంగమేమిటని నిర్వాహకులు కొంచెం జంకారు. పంతులుగారైతే ముందు వ్యుత్పత్తి అడిగేవారు, శుభాశుభాల సంగతి ఆ తర్వాత.

మాట ఏడూకం. అమరకోశం రెండో కాండలో, పురవర్గంలో ఉంది. గోడకు భిత్తి, కుడ్యం అని రెండు పేర్లు చెప్పి, లోపల ఎముకలు పెట్టి కట్టినదైతే దాన్ని ఏడూకం అంటారని అమరసింహుడు నిర్వచనం ఇస్తాడు. ఎముకకు ఆయన వాడిన మాట కీకసం. అంతే, పని ముగించుకుని ఇంటికున్న పర్యాయపదాల్లోకి వెళ్లిపోతాడు. శ్మశానాన్నీ పీనుగునూ ఎక్కడో క్షత్రియవర్గం చివర, యుద్ధం ముగిసినచోట పెట్టిన మనిషి, ఎముకలున్న గోడను మాత్రం ఊరి కట్టడాల మధ్య, ఇంటి గోడ పక్కన నిలిపాడు. ఆయన దృష్టిలో అది చావుకు సంబంధించిన మాటకన్నా మేస్త్రీ పనికి సంబంధించిన మాట అన్నమాట. తెలుగునాట లింగాభట్టీయం, గురుబాలప్రబోధిక పక్కన పెట్టుకుని అమరం చదివిన మన తాతలందరూ ఈ మాట దాటి వచ్చినవారే. దాని దగ్గర ఆగినవారు తక్కువ.

కీకసమంటే ఎముకే అనుకోనక్కర్లేదనీ, గోడ బలంగా ఉండడానికి లోపల కూరే గట్టి పదార్థం ఏదైనా కావచ్చుననీ అన్నవాళ్లున్నారు. అలా చూస్తే ఏడూకంలో చావు వాసనే లేదు, ఉత్త కట్టుబడి పని. నాకు ఈ అర్థం రుచించదు. కారణం మహాభారతంలో ఉంది.

వనపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు కలియుగం ఎలా ఉండబోతుందో చెబుతాడు. దేవతలను వదిలేసి జనం ఏడూకాలను పూజిస్తారంటాడు. మహర్షుల ఆశ్రమాల్లో, బ్రాహ్మణుల నివాసాల్లో, దేవస్థానాల్లో, చైత్యాల్లో, నాగుల తావుల్లో, భూమి అంతటా ఏడూకాల గుర్తులే ఉంటాయట. దేవాలయాల అలంకారం ఉండదట. గోడను గట్టిపరచడానికి కూరిన రాళ్లకు ఎవరూ మొక్కరు. వాటిని చూసి ఏ ఋషీ కలవరపడడు. అక్కడ ఎముకలుండాలి, ఆ ఎముకల మీద జనానికి భక్తి ఉండాలి. ఇది బౌద్ధ స్తూపాల మీద విసురని ఆధునిక పండితులు చాలామంది తీర్మానించారు. అది నిజమైతే చమత్కారమే: బౌద్ధుడని సంప్రదాయం చెప్పుకునే అమరసింహుడు అదే మాటకు కోపం లేకుండా, గొప్ప చెప్పుకోకుండా కొలత ఇచ్చినట్టు అర్థం ఇచ్చాడు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో ఇదే మాట ఐడూకమనే రూపంలో మళ్లీ కనబడుతుంది. ఈసారి తిట్టు లేదు, నిర్మాణ విధానం ఉంది: ఒకదాని మీద ఒకటిగా మూడు భద్రపీఠాలు, పైన లింగం, నాలుగు దిక్కులా లోకపాలురు. కలియుగ దుర్లక్షణమని ఒక గ్రంథం చెప్పినదాన్ని మరో గ్రంథం పూజావిధిలో చేర్చుకుంది. గుడి మీద గుడి లేచిన ఊళ్లలో పుట్టినవాళ్లం, మనకు ఇందులో వింత లేదు.

ఇక మాట పుట్టుక. సంస్కృతంలో దీనికి సరైన ధాతువు దొరకదు. ఏడూకం, ఏడుకం, ఐడూకం అంటూ రూపం నిలకడ లేకుండా మారుతుంది. ఇలా రూపం కుదురుకోని మాటలు చాలావరకు బయటినుంచి వచ్చినవే అయివుంటాయి. బయటంటే ఎక్కడ? తమిళంలో ఎముకను ఎలుంబు అంటారు. మలయాళంలో ఎల్లు. కన్నడంలో ఎలు, ఎలుబు. మన పాత తెలుగులో ఎమ్ము, తర్వాత ఎమ్ముక, ఎముక. మన పల్లెల్లో ఎమిక. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇవన్నీ ఒకే మూలం కింద చేర్చింది. ఎముకలున్న గోడకు ఎముక పేరే పెట్టుకున్న దక్షిణాది జనం నుంచి సంస్కృతం ఆ మాట తీసుకుందనుకుంటే అర్థం చక్కగా అతుకుతుంది.

అర్థం అతికినంతమాత్రాన వ్యుత్పత్తి నిలవదు. ఎలుంబులో ఉన్నది లకారం. ఏడూకంలో ఉన్నది డకారం. డకారం ళకారంగా మారడం మామూలే. ఋగ్వేదం మొదట్లోనే ఈడే అన్నదాన్ని ఈళే అని పలుకుతాం. లకారం డకారమవడం అంత మామూలు కాదు. మధ్యలో ఏ ప్రాకృత రూపమో ఉండివుండాలి, దాన్ని ఎవరైనా చూపించాలి. అందాకా ఇది బలమైన అనుమానమే. మన భాషకు పెద్దరికం వస్తుందని అనుమానాన్ని సిద్ధాంతం చేసేస్తే పంతులుగారు బెంచీ ఎక్కించేవారు.

రెండో దారి కూడా ఉంది. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ లండన్ ప్రాచ్య విద్యాసంస్థ పత్రికలో ఈ మాట మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. ఈయన మనకు పరాయివాడు కాడు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో కొత్తరాతియుగపు బూడిదదిబ్బను తవ్విన పురావస్తువేత్త. సంస్కృతంలోని ఏడూకం పక్కన ఆయన పాళీలోని ఏళుక అనే మాటను నిలబెట్టాడు. ఏళుక అంటే గడప.

గడప పేరే జిల్లా పేరైన చోట ఈ మాట చెబుతున్నాను కాబట్టి మీ మొహాల్లో వెలుగు నాకు కనబడుతోంది. తిరుమల వెంకన్నకు గడప అని దేవునికడపకు పేరు వచ్చిందని మనమందరం చిన్నప్పుడే విన్నాం. దీంట్లోంచి కడపకూ ఏడూకానికీ చుట్టరికం లాగొద్దని ముందే మనవి. మాటలు వేరు, పుట్టుకలు వేరు. పట్టించుకోవలసింది ఆలోచనను. కడప పట్నంలోనే పెద్దదర్గా ఉంది, అమీన్‌పీర్ దర్గా. దర్గా అనేది పారసీ మాట. దర్ అంటే వాకిలి, మన ద్వారానికి దూరపు చుట్టమే. గాహ్ అంటే తావు. దర్గాహ్ అంటే వాకిలి దగ్గరి చోటు, కొలువు వాకిలి. అందులో సమాధి అనే అర్థం ఏ కోశానా లేదు. అయినా ఈరోజు దర్గా అంటే ఏ తెలుగువాడికైనా తోచేది ఆకుపచ్చ చాదరు కప్పిన సమాధే. మహనీయుడు పడుకున్న చోటును ఇల్లు అనకుండా, పడక అనకుండా వాకిలి అనాలని అక్కడివాళ్లకు తోచింది. ఏళుకకూ ఏడూకానికీ నిజంగా సంబంధం ఉంటే, అదే ఊహ ఇంకా చాలాకాలం ముందే మన దేశంలో ఎవరికో తట్టిందన్నమాట.

ఇప్పుడు పుస్తకాలు పక్కనపెట్టి పొలాల్లోకి పోదాం.

రాయలసీమలో, పల్నాడులో, తెలంగాణలో మెట్టచేలలో, కొండల పాదాల దగ్గర పెద్దరాళ్లను గుండ్రంగా పేర్చిన వలయాలు ఉంటాయి. రైతులు వాటిని రాకాసిగుళ్లంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్లంటారు. అవి ఇనుపయుగపు సమాధులు. క్రీస్తుపూర్వం 1000కి అటూఇటూ మొదలై చాలా శతాబ్దాలు ఈ పద్ధతి నడిచింది. వలయం మధ్యలో తవ్వితే రాతిపెట్టె బయటపడుతుంది. నాలుగు బండలను నిలువుగా పాతుతారు. ప్రతి బండా పక్కదాని అంచును దాటి కొంచెం ముందుకు ఉంటుంది. పైనుంచి చూస్తే స్వస్తికం గుర్తులా కనబడుతుంది. ఇలా పాతితే మట్టి ఒత్తిడికి బండలు లోపలికి పడవు. మట్టి ఎంత తోస్తే అంతగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. సున్నం లేదు, బంక లేదు. చాలాచోట్ల ఒక బండకు గుండ్రటి రంధ్రం తొలిచివుంటుంది. పైన మూతబండ. లోపల నలుపు, ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు, ఒక్కోసారి పూసలు. వాటితో ఎముకలు.

ఎముకలన్నాను, శవమనలేదు. ఈ సమాధుల్లో చాలావాటిలో మనిషి మొత్తం ఉండడు. శవాన్ని వేరేచోట ఉంచి, కండ పోయాక మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురి ఎముకలు కలిసివుండడమూ ఉంది. ఇప్పుడు అమరసింహుడి నిర్వచనం మళ్లీ గుర్తుచేసుకోండి: లోపల ఎముకలు ఉంచిన గోడ. స్తూపంలో ఎముక గోడలో ఉండదు, అండం లోపల ఎక్కడో మంజూషలో ఉంటుంది. రాతిపెట్టెకే ఆ మాటలు అక్షరాలా సరిపోతాయి. అమరసింహుడు రాకాసిగుళ్లను చూసి రాశాడని నేననను. ఆ మాట మొదట పుట్టింది మాత్రం ఇలాంటి కట్టడాల దగ్గరేననీ, స్తూపాల మీదికి తర్వాత పాకిందనీ నా నమ్మకం.

మన జిల్లాకు ఈ విషయంలో ఒక గొప్ప ఉంది. శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక మద్రాసు మ్యూజియంలో ఉంది. కాల్చిన మట్టితో చేసిన తొట్టి, కింద వరసగా పొట్టి పొట్టి కాళ్లు, దానికో జంతువు రూపం. కాళ్లున్న తొట్లు దక్షిణాదిన ఇంకా చాలాచోట్ల దొరికాయి. ఇలా జంతువుగా మలిచినవి అరుదు. చచ్చినవాణ్ణి ఎక్కడికో మోసుకుపోయే జంతువని చేసినవాడి ఊహ కావచ్చు. మనకైతే మొదట కనబడేది కుమ్మరి నైపుణ్యం. అంత పెద్ద తొట్టిని పగలకుండా కాల్చడం మాటలు కాదు.

గ్రీకులు శవపేటికకు పెట్టిన పేరు సార్కొఫాగస్. మాంసం తినేది అని అర్థం. ఆసియా మైనరులో అస్సోస్ అనే ఊరి దగ్గర దొరికే ఒక రాయి శవాన్ని త్వరగా తినేస్తుందని నమ్మేవారు. దాన్నుంచి వచ్చిందా పేరు. సరిగ్గా ఇలాంటి ఊహే మన శతపథ బ్రాహ్మణంలోనూ ఉంది. శ్మశానం అనే మాటకు అది రెండు వ్యుత్పత్తులు చెబుతుంది. ఒకటి శవాన్నం, శవానికి అన్నం. రెండోది, పితృదేవతల్లో తినేవాళ్లను శ్మశలంటారని. సమాధి కట్టించుకోని వాడి పుణ్యాన్ని వాళ్లు పరలోకంలో తినేస్తారని. యాస్కుడు మాత్రం ఈ భయాలేవీ పెట్టుకోకుండా శ్మ అంటే శరీరం, అది శయనించే చోటని తేల్చేశాడు.

శతపథంలో శ్మశానమంటే మనమనుకునే కాడు కాదు, ఎముకల మీద లేపిన దిబ్బ. అదీ సమాధికి పాత మాటే. చనిపోయిన వెంటనే దాన్ని కట్టకూడదంటుంది ఆ గ్రంథం. ఏళ్లు గడిచి, ఎన్నేళ్లయిందో కూడా మరిచిపోయాక కట్టడం మేలట. త్వరపడితే పాపాన్ని కొత్తగా రేపినట్టవుతుందట. అక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దేవతల పక్షంవాళ్లు దిబ్బను నలుచదరంగా చేస్తారట. అసుర పక్షంవాళ్లు, తూర్పువాళ్లు, ఇంకా కొందరు గుండ్రంగా చేస్తారట.

గుండ్రటివి అసురులవని అక్కడ, గుండ్రటి వలయాలు రాకాసులవని ఇక్కడ. శతపథం విని మన రైతు ఆ పేరు పెట్టలేదు, రైతు మాట విని శతపథమూ రాయలేదు. తనది కాని సమాధిని చూసిన మనిషి నోట ఆ మాటే వస్తుంది. అంత బండ ఎత్తినవాళ్లు మనవంటి మనుషులు కారని ఒక ఆశ్చర్యం, మన పద్ధతివాళ్లు కారని ఒక దూరం, రెండూ ఆ ఒక్క పేరులో ఉన్నాయి. కట్టినవాళ్లు వాటిని ఏమని పిలుచుకున్నారో తెలిపే రాత ఒక్కటీ లేదు. సమాధికి పేరు ఎప్పుడూ తర్వాత వచ్చినవాడే పెడతాడు. పెట్టినవాడి గుణం ఆ పేరులో బయటపడుతుంది.

కోస్తాకు వెళ్తే ఇది ఇంకా మొరటుగా కనబడుతుంది. ఘంటసాలలో బౌద్ధస్తూపమున్న మట్టిదిబ్బను ఊరివాళ్లు లంజదిబ్బ అన్నారు. భట్టిప్రోలులోనూ అదే పేరు. ఆ భట్టిప్రోలు దిబ్బలోనే 1892లో అలెగ్జాండర్ రీ రాతి మంజూషలను బయటికి తీశాడు. వాటి మీద బ్రాహ్మీ లిపి రాత ఉంది, అందులో బుద్ధుడి శరీరాలు అని బహువచనంలో ఉంది. శరీరాలంటే ధాతువులు. ఒకరు శరీరమన్నదాన్ని మరికొన్ని తరాల తర్వాత ఆ గడ్డ మీదివాళ్లే ఎంతమాట అన్నారో చూడండి. మార్కండేయుడి నోట వచ్చిన ఏడూకం ఏ గొంతుతో పలికివుంటుందో తెలియాలంటే ఈ దిబ్బల పేర్లు వింటే చాలు. అదృష్టం బాగుండి అమరావతి దిబ్బకు మాత్రం దీపాలదిన్నె అని పేరు పడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చేనాటికి అక్కడ దీపాలూ లేవు, భిక్షువులూ లేరు, పేరు మాత్రం ఉంది.

కోస్తా నుంచి మన రేనాటికి తిరిగివస్తే ఇంకో సంప్రదాయం ఉంది, వీరగల్లు. తెలుగులో తొలి శాసనం దొరికిన కలమళ్ల మనకు కూతవేటు దూరం. ఆ శాసనం వేయించిన రేనాటి చోళుల కాలం నుంచీ ఆవుల మందల కోసం, ఊరి కోసం పోట్లాడి పోయినవాళ్లకు రాళ్లు నిలపడం ఈ సీమ ఆచారం. వీరగల్లు కింద చాలాసార్లు ఎముకలుండవు. అది గుర్తు, గోరీ కాదు. రాకాసిగుడిలో ఎముకలున్నాయి, పేరు లేదు. వీరగల్లు మీద పేరుంటుంది, ఎముకలుండవు. పేరంటాళ్ల గుళ్లలో ఒక్కోసారి రెండూ ఉండవు, అయినా పసుపు కుంకుమలు ఆగవు.

మనం రోజూ వాడే సమాధి అన్న మాటకు కొంచెం వద్దాం. సమ్, ఆ, ధా: చక్కగా కూర్చి నిలపడం. యోగశాస్త్రంలో అది మనసుకు సంబంధించిన స్థితి. సన్న్యాసికి దహనం లేదు. కూర్చోబెట్టి భూమిలో ఉంచుతారు. ఆయన పోలేదు, సమాధిలో ఉన్నాడనేది శిష్యుల మాట. ఆ మాట మెల్లగా మనసు మీదినుంచి రాతి మీదికి దిగింది. మన జిల్లాలో ఇది ఎక్కడ జరిగిందో చెప్పనక్కర్లేదు. కందిమల్లయపల్లె అనే ఊరు పోతులూరి వీరబ్రహ్మంగారు జీవసమాధి పొందాక బ్రహ్మంగారి మఠమైంది. ఊరి పేరునే సమాధి మింగేసింది. ఆయన శిష్యుడు సిద్దయ్య దూదేకుల కులంవాడు, ఊరు ముడుమాల. అక్కడ సిద్దయ్యగారి మఠం ఉంది. గురువుకూ శిష్యుడికీ, హిందువుకూ ముస్లిముకూ, ఒకే మాట: మఠం. మంత్రాలయంలో మాధ్వులు రాఘవేంద్రస్వామి సమాధిని బృందావనమంటారు. ఎవరి గౌరవం వాళ్లది. ఏ పేరులోనూ చావు కనబడకూడదు, అదీ పద్ధతి.

ఇలా దాచిపెట్టని మాట గోరీ. పారసీలో గోర్ అంటే సమాధి, ఏ ముసుగూ లేని సమాధి. ఇరాన్‌లో సస్సానీ రాజు అర్దషీర్ గుండ్రంగా కట్టించిన నగరం ఒకటుంది. దాని పేరు గోర్. 10వ శతాబ్దంలో అక్కడికి తరచూ వెళ్లే బువాయిద్ పాలకుడు అజుదుద్దౌలాకు చిక్కు వచ్చిపడింది. రాజుగారు గోర్ వెళ్లారని జనం అంటుంటే రాజుగారు గోరీకి వెళ్లారనే వినబడేది. ఆయన ఊరి పేరు ఫిరోజాబాద్ అని మార్చేశాడు. సమర్కందులో తైమూరు సమాధి గూర్-ఎ-అమీర్‌లో ఉన్నదీ ఈ గోర్ మాటే. మధురైలో గోరిపాళయం, బెంగళూరులో గోరిపాళ్యం అని పేటలున్నాయి. ముహమ్మద్ ఘోరీ పేరుతో వాటికి ముడిపెట్టేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతుంటారు. ఘోర్ అఫ్గానిస్థాన్‌లో ఒక సీమ. రాజు ఆ సీమవాడు. మన గోరీకి ఆయనతో పనిలేదు.

ఈ పారసీ మాట మన సీమలో ఎంత సొంతమైందంటే, గోరీ కడతానని బెదిరించేవాడికి అది ఏ భాషో గుర్తుండదు. బొంద పెడతానన్నా అర్థం అంతే, అది మన సొంత మాట, గుంత అని అర్థం. అయినా రెంటికీ తేడా ఉంది. బొంద పెట్టడం పూడ్చడంతో సరి. గోరీ కట్టడంలో ఖర్చుంది, మేస్త్రీ ఉన్నాడు, సున్నం ఉంది. శత్రువు మీద కూడా ఆ పాటి మర్యాద. నీ బొంద అని పిల్లల్ని కసురుకునే అవ్వకు మాత్రం గుంతా గుర్తుండదు, చావూ గుర్తుండదు.

శ్మశానానికి మన అసలు మాట కాడు. కాటికి కాళ్లు చాచడంలో, కాటికాపరిలో మిగిలివుంది. తమిళంలో సుడుగాడు, ఇడుగాడు అని కాల్చేచోటుకూ పూడ్చేచోటుకూ వేరువేరు మాటలున్నాయి. కాడు అంటే అడవి కూడా. ఊరు ఒక పక్క, కాడు ఒక పక్క. చచ్చినవాళ్లను ఊరవతల అడవిలో వదిలిన కాలం ఆ మాటలో నిలిచివుంది. పూడ్చిన ఇళ్లలో మూడోనాడు ఆ మట్టి మీద పాలు పోసి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండిపెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూసే ఆచారం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఏడూకమనే మాట తెలియకపోయినా, దాని చుట్టూ మనుషులు ఏం చేసివుంటారో ఊహించడానికి అంతకన్నా దగ్గరి దృశ్యం లేదు.

ఇక అన్నిటికన్నా కొత్త మాట. అది పుట్టినచోటు ఢిల్లీ, మన జిల్లాకు వచ్చింది 2009లో. ఘాట్ అంటే నదికి దిగే మెట్లు. గాంధీజీని దహనం చేసింది యమున ఒడ్డున రాజ్‌ఘాట్ దగ్గర. అక్కడినుంచి మరికొందరు నాయకుల స్మారకాలకూ ఘాట్ అన్న పేరు అంటుకుంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఎన్టీఆర్ ఘాట్ ఉంది. అక్కడ నీళ్లైనా ఉన్నాయి. పులివెందుల పక్కన ఇడుపులపాయలో వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి సమాధిని వైఎస్సార్ ఘాట్ అంటారు. అక్కడ నదీ లేదు, మెట్లూ లేవు, దహనమూ జరగలేదు. క్రైస్తవ పద్ధతిలో ఖననం చేశారు. అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. వాకిలి అనే మాట దర్గా అయినట్టే, రేవు అనే మాట సమాధి అయింది. ముందుముందు ఎవరైనా తెలుగు నిఘంటువు కూర్చేవాళ్లు ఘాట్ అన్న మాట కింద రెండో అర్థం రాయాలి, ఉదాహరణకు ఇడుపులపాయ చాలు. 1852లో వచ్చిన తన నిఘంటువులో జనం నోట ఉన్న మాటలకు బ్రౌన్ దొర జంకకుండా చోటిచ్చాడు. ఇవాళ ఆయన కడపలో ఉంటే దీన్నీ చేర్చేవాడు.

పురావస్తుశాఖవాళ్లు రాకాసిగుళ్లను బృహత్‌శిలా సమాధులంటున్నారు. పత్రికలవాళ్లు కూడా అదే రాస్తున్నారు. ఆ మాట ఏ రైతు నోటా పలకదు. ఏడూకాన్ని మళ్లీ వాడుకలోకి తెద్దామని ఒకరిద్దరు మిత్రులు ఉత్సాహపడ్డారు. నాకు ఆ పని మీద నమ్మకం లేదు. వాడుక తెగిపోయిన మాటను సభల్లో తీర్మానం చేసి బతికించలేం. వాడుకలో ఉన్నవాటినైనా పోనివ్వకుండా చూడాలి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లు అని ఊరివాళ్లు పిలుచుకున్న రాతి నిలువులు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. నిలువురాయి అన్న పేరులో భయమూ లేదు, వెక్కిరింతా లేదు, చూసిందే చెప్పారు. అమరసింహుడికి నచ్చే పేరది.

మన చుట్టుపక్కల జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు దారుల్లో వలయాలున్న చేలు ప్లాట్లవుతున్నాయి. బండలు పునాదుల్లోకి పోతున్నాయి, కంకర మిల్లుల్లోకి పోతున్నాయి. బండలతో పాటు చేను పేరు కూడా పోతోంది. రాకాసిగుళ్ల చేను, గోరీల మిట్ట, పేరంటాలమ్మ దిన్నె వంటి పేర్లు పాసుపుస్తకాల్లో ఉండవు. సర్వే నంబరు మాత్రమే ఉంటుంది. పేర్లు ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. ఈ ధర్మనిధి తరఫున ఒక పుస్తకం తెరవాలని పంతులుగారి కుటుంబానికి విన్నవించాను, సరేనన్నారు. కాలేజీ పిల్లలు సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు అడిగి రాసుకురావాలి. చేను పేరు, పలికినది పలికినట్టుగా, ఏ ఊరి పొలం, సర్వే నంబరు, ఆ పేరుకు ఇంటివాళ్లు చెప్పే కథ. కథ అబద్ధమని తోచినా రాయండి, దిద్దవద్దు. ఎమిక అని పలికితే ఎముక అని మార్చవద్దు. పుస్తకం ఎల్లుండి నుంచి ఇక్కడి గ్రంథాలయంలో ఉంటుంది. మొదటి పేజీలో పేర్లు రాయదలచినవాళ్లు సభ అయ్యాక నిర్వాహకులను కలవండి.